వెలుతురంటే పారిపోయే పురుగుతో ఒక భయం సినిమా: నా అనుభవం

మొదటి రాత్రి మూడు గంటలు షూట్ చేశాం. ఒక్క బొద్దింక కూడా మా నటి ఉండాల్సిన వైపుకి రాలేదు.

అట్టముక్కలతో చిన్న వరండా కట్టాం. గోడలకి రంగు వేశాం. చివర ఒక తలుపు, దాని సందులోంచి పడే వెలుగు. ఆ వెలుగులోంచి రాక్షసి బొద్దింక మన మీదికి నడిచి రావాలి. రాసుకున్నప్పుడు ఎంతో బాగుంది. డబ్బా మూత తీయగానే అది క్షణంసేపు మీసాలు ఆడించి, గోడ వారకి తిరిగి, గోడని ఒరుసుకుంటూ చీకటి మూలలోకి దూరిపోయింది. తీసి మళ్ళీ పెట్టాం. మళ్ళీ అంతే. పన్నెండో సారికి మా తమ్ముడు కెమెరా మీంచి తల ఎత్తి, "అక్కా, ఇది మనల్ని చంపడానికి రావట్లేదు, మన నుంచి ప్రాణం కాపాడుకోవడానికి పోతోంది" అన్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు మేం చేసిన పనంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

పురుగులు మనుషుల్ని చంపే సినిమాలంటే నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం. పెద్ద స్టూడియోలు భారీ ఖర్చుతో తీసినవి కావు, తక్కువ డబ్బుతో కొద్దిమంది మనుషులు తీసినవి. పెద్ద చీమలు, మిడతలు, కందిరీగలు, బొద్దింకలు. సాలీడుకి ఎనిమిది కాళ్ళు, అది కీటకం కాదు, అయినా ఈ సినిమాల లోకంలో దానికీ చోటుంది. చాలామంది వీటిని నవ్వుకోవడానికి చూస్తారు. నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు. చేతిలో ఏమీ లేనివాళ్ళు, చెప్పిన మాట వినని ప్రాణిని పెట్టుకుని సినిమా పూర్తి చేశారే, ఎలా చేశారా అన్నదే నా ధ్యాస. అందుకే తొమ్మిది, పది నిమిషాల చిన్న సినిమా ఒకటి తీయాలనుకున్నప్పుడు ఇంకే కథా తోచలేదు.

ఆ మొదటి రాత్రి ఓడిపోయాక కెమెరా పక్కన పెట్టేశాం. మూడు వారాలు పాత సినిమాలే చూశాను, ఈసారి నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని. కథ రాసుకోలేదు. ప్రతి షాట్ దగ్గరా ఆపి, "ఇక్కడ పురుగు నిజంగా ఏం చేస్తోంది? దానితో ఆ పని ఎలా చేయించారు?" అని మాత్రమే రాసుకున్నాను.

1955 నాటి 'టరాంటులా'లో ఎడారిలో కొండంత సాలీడు నడిచి వస్తుంది. దర్శకుడు జాక్ ఆర్నాల్డ్ బొమ్మ సాలీడు మీద ఆధారపడలేదు. నిజం సాలీడుని విడిగా తీసి ఎడారి దృశ్యంలో కలిపారు. అది ఎటు నడవాలో చెప్పడానికి గొట్టంతో గాలి ఊదేవారు. గాలి తగిలితే అది కదులుతుంది. అంతే, నటన అయిపోయినట్టే. ఆ సంగతి చదివాక నేనూ కెమెరా లెన్సు తుడుచుకునే రబ్బరు బల్బుతో బొద్దింక వెనక గాలి ఊదాను. మొదటి రెండుసార్లు ముందుకి దూకింది. బొద్దింకకి వెనక వైపు రెండు చిన్న కొమ్ముల్లాంటివి ఉంటాయి, చిన్న గాలి కదలిక కూడా వాటికి తెలిసిపోతుంది. మూడోసారి నుంచి పట్టించుకోవడం మానేసింది. అలవాటు పడిపోయింది.

1957లో బెర్ట్ ఐ. గోర్డన్ 'బిగినింగ్ ఆఫ్ ది ఎండ్' తీశాడు. షికాగో నగరం మీద రాక్షసి మిడతల దండయాత్ర. భవనాలు ఎక్కే మిడతలు నిజానికి ఆ భవనాల ఫొటోల మీద పాకుతున్న మామూలు మిడతలు. ఒకచోట ఒక మిడత భవనం అంచు దాటి ఆకాశం మీద కాలు పెట్టేస్తుంది. ఆ తప్పు చూసి నవ్వేవాళ్ళు నాకు తెలుసు. నాకు మాత్రం ఆ షాట్ చూస్తే గొంతు పట్టేసినట్టు ఉంటుంది. ఫొటో ముందు వంగి కూర్చుని, మిడత సరైన దారిలో పోవాలని ఊపిరి బిగబట్టి చూసిన మనిషి నాకు కనిపిస్తాడు. మొదటి రాత్రి నేనూ అలాగే కూర్చున్నాను కదా.

1977 నాటి 'కింగ్‌డమ్ ఆఫ్ ది స్పైడర్స్' సంగతి వేరు. దాని మొత్తం బడ్జెట్ ఐదు లక్షల డాలర్లని అంటారు. ఒక్కోటి 10 డాలర్ల లెక్కన 5,000 సాలీళ్ళు కొన్నారట. అంటే పదో వంతు డబ్బు సాలీళ్ళకే. పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి వాటిని వేరువేరు డబ్బాల్లో ఉంచాల్సి వచ్చింది. పైగా అవి బిడియపు జీవులు, మనిషిని చూస్తే దూరంగా జరుగుతాయి. ఆ సినిమాలో నాకు బాగా నచ్చినవి దాడి దృశ్యాలు కావు, సాలీళ్ళు ఊరికే ఉన్న దృశ్యాలు. నేల మీద, గోడ మీద, కారు మీద. ఏమీ చేయవు. మనిషి ఎక్కడికి పోవాలన్నా వాటి మధ్యలోంచి పోవాలి.

నోట్‌బుక్‌లో ఎక్కువ పేజీలు తీసుకున్నది మాత్రం 1974 నాటి 'ఫేజ్ ఫోర్'. సినిమా టైటిల్స్ రూపొందించడంలో పేరుపడ్డ సాల్ బాస్ దర్శకత్వం వహించిన ఒకే ఒక్క పూర్తి నిడివి సినిమా అది. మొదట్లో కొన్ని నిమిషాలపాటు మనిషి ముఖమే కనపడదు. చీమలే. మామూలు చీమలు, మామూలు సైజులో, చాలా దగ్గర నుంచి. ఆ షాట్లు తీసిన కెన్ మిడిల్‌హామ్ అంతకుముందు 'ది హెల్‌స్ట్రామ్ క్రానికల్' కోసం కీటకాల్ని చిత్రీకరించాడు. డాక్యుమెంటరీ రూపంలో వచ్చిన ఆ 1971 సినిమాకి ఆస్కార్ కూడా వచ్చింది. 1975లో మంట పుట్టించే బొద్దింకల సినిమా 'బగ్'లోనూ పురుగుల షాట్లు ఆయనవే. ఒక్క మనిషి పనిని మూడు సినిమాల్లో వరసగా చూస్తే ఒక సంగతి అర్థమైంది. ఆయన చీమకి భయంకరమైన పని ఏదీ చెప్పలేదు. చీమ రోజూ చేసే పనినే తీశాడు. దాని పక్కన ఏ షాట్ పెట్టాలన్నది ఎడిటింగ్‌లో చూసుకున్నారు. చీమ ఆగి తల తిప్పుతుంది, తర్వాతి షాట్‌లో శాస్త్రవేత్త కిటికీ. చీమ ఆలోచిస్తోందని మనమే అనుకుంటాం.

నా తప్పు ఎక్కడుందో ఆ రాత్రి తెలిసింది. నేను కథ ముందు రాసుకుని పురుగుని దాంట్లోకి తోస్తున్నాను. పురుగు నటించదు. దానికి ఏం కావాలో ముందు తెలుసుకుని, కథని అటు వైపు నడిపించాలి.

రాక్షసి బొద్దింకని వదిలేశాను. నిజానికి దాని లెక్క కూడా నాకు మొదటి నుంచి నచ్చలేదు. పొడవు వంద రెట్లు పెరిగితే కాళ్ళు మోయగల శక్తి పదివేల రెట్లు పెరుగుతుంది, కానీ ఒంటి బరువు పది లక్షల రెట్లు పెరుగుతుంది. అలాంటి బొద్దింక నిలబడలేదు, ఒంటి పక్కనున్న రంధ్రాలతో దానికి ఊపిరీ చాలదు. సినిమాలో ఇది చెల్లుతుంది, 1950ల సినిమాలన్నీ దీని మీదే నడిచాయి. అయితే దానికి తగ్గట్టు షూట్ చేయాలి. పురుగు ఎన్ని రెట్లు పెద్దగా కనిపించాలో ఆ సంఖ్యకి వర్గమూలం కట్టి, అన్ని రెట్లు ఎక్కువ ఫ్రేములతో తీయాలి, అప్పుడే దాని కదలిక పెద్ద జంతువు కదలికలా నెమ్మదిగా, బరువుగా కనిపిస్తుంది. 25 రెట్లకి ఐదు రెట్లు, అంటే సెకనుకి 24 బదులు 120 ఫ్రేములు. 400 రెట్లకి 480. మా కెమెరాలో 120 కంటే ఎక్కువ లేదు. 25 రెట్లు పెంచిన బొద్దింక మీటరు పొడవుంటుంది, అది నా వరండాకి సరిపోయేదే. కానీ నడిచి రాని బొద్దింక ఎంత పెద్దదైతే ఏం లాభం?

ఇక బొద్దింకకి ఏం కావాలి? రెండు వారాలు గాజు తొట్టెలో పెట్టుకుని చూశాను. దానికి చీకటి కావాలి. ఒంటికి ఏదో ఒకటి ఒరుసుకుంటూ ఉండే ఇరుకు సందు కావాలి. ఈ రెండూ ఒకేచోట దొరికితే దాన్ని అక్కడి నుంచి కదపడం కష్టం.

కథ ఆ రెండు వాక్యాల్లోంచే వచ్చింది. ఒంటరిగా ఉండే ఒక అమ్మాయి. బొద్దింకలంటే భయం. వెలుతురుకి పారిపోతాయని తెలిసి గదిలో ఒక మూల దీపం పెడుతుంది. అవి ఇంకో మూలకి పోతాయి. అక్కడా పెడుతుంది. మంచం కింద, బీరువా వెనక, తలుపు సందులో. రోజుకో దీపం. చివరికి గది మొత్తం పట్టపగల్లా వెలిగిపోతుంది. ఆ గదిలో చీకటిగా, ఇరుకుగా మిగిలింది ఒకే ఒక్క చోటు, ఆమె కప్పుకున్న దుప్పటి కింద.

ఈ కథలో ఏ బొద్దింకా ఎవరి మీదా దాడి చేయదు. అది ఎప్పుడూ చేసే పనే చేస్తుంది. తమ్ముడికి ఫోన్‌లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ రాత్రి నేను లైటు వేసుకుని పడుకోను అక్కా" అన్నాడు.

నటి నా చిన్ననాటి స్నేహితురాలు. కథ విని వెంటనే ఒప్పుకుంది, కానీ ఒక మాట ముందే చెప్పింది. "చిన్నప్పుడు నాకు ఆస్తమా ఉండేదని నీకు తెలుసు కదా. బొద్దింకలున్న గదిలోకి మాత్రం నేను రాను." ఆమె చెప్పింది పూర్తిగా సరైనదే. బొద్దింకల రెట్టలు, అవి విడిచిన పొట్టు ఆస్తమాని రేపుతాయి. ఇలాంటి సినిమా తీయాలనుకునే ఎవరికైనా నేను మొట్టమొదట చెప్పేది ఇదే, అందరినీ ముందే అడగండి. ఆమె షాట్లన్నీ ఒక గదిలో, పురుగుల షాట్లన్నీ మరో గదిలో తీయాలని నిర్ణయించుకున్నాం. ఆమె, పురుగులు ఒక్క ఫ్రేములో కూడా నిజంగా కలవరు. ఈ షరతు వల్ల సినిమాకి నష్టం జరుగుతుందేమో అని టెన్షన్ పడ్డాను. చివరికి ఎక్కువ మేలు చేసింది అదే.

పట్టుకోవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లోతైన గాజు సీసా, లోపల మూతి చుట్టూ వాజలీన్ పూత, అడుగున ఎర. దిగినవి జారి ఎక్కలేవు. రెండు వారాల్లో 34 దొరికాయి. చేతి తొడుగులు, మాస్కు లేకుండా సీసా ముట్టుకోలేదు.

అసలు కష్టం వెలుతురుతో వచ్చింది. షూట్ చేయాలంటే లైటు కావాలి. లైటు వేస్తే పురుగు ఉండదు. పాత సినిమాల్లోని దీపాల వేడికి ఆ పురుగులు ఎంత బెదిరిపోయి ఉంటాయో! చల్లబరిస్తే మందగిస్తాయని విని, ఐస్ సంచుల మధ్య డబ్బా పెట్టి కొన్ని నిమిషాలు ఉంచాం. నిజమే, మందగించాయి. కానీ కెమెరా ముందు పెట్టాక నిమిషం, నిమిషంన్నర లోపు వేడెక్కి మళ్ళీ పరుగు. పైగా చలికి ముడుచుకున్న బొద్దింక నడక జబ్బుపడ్డ నడకలా ఉంది. చూస్తే జాలి వేసింది, భయం వేయలేదు. రెండు రోజుల తర్వాత ఆ పద్ధతి మానేశాం.

దారి చూపించింది ఎరుపు రంగు. బొద్దింక కళ్ళకి అతినీలలోహిత కాంతి, ఆకుపచ్చ బాగా తెలుస్తాయి, ముదురు ఎరుపు దాదాపు తెలియదు. గదిలో ఎరుపు ఎల్ఈడీ దీపాలు మాత్రమే వెలిగించి చూశాం. మా కళ్ళకి గది నిండా ఎర్రటి వెలుగు. వాటి లెక్కలో చిమ్మచీకటి. సీసా పక్కకి వంచగానే మెల్లగా బయటికి వచ్చాయి. ఆగాయి. మీసాలు శుభ్రం చేసుకున్నాయి, ఒక్కో మీసాన్ని నోటితో మొదటి నుంచి చివరి దాకా లాగుతూ. ఒకదాని మీంచి ఒకటి నడిచాయి. అంత ప్రశాంతంగా ఉన్న బొద్దింకని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మన ఇళ్ళల్లో మనకి కనిపించేది ఎప్పుడూ పారిపోతున్న బొద్దింకే కదా. దాని సొంత లోకంలో అది ఎలా ఉంటుందో చూస్తుంటే వెన్నులోంచి చలి పుట్టింది. తమ్ముడు కూడా మాట్లాడకుండా రికార్డు చేస్తూనే ఉన్నాడు.

సినిమా బ్లాక్ అండ్ వైట్ అయింది కూడా ఆ రాత్రే. ఎర్రటి దృశ్యాన్ని నలుపు తెలుపులోకి మారిస్తే రంగు తేడా ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి మా చేతిలో రెండు స్విచ్‌లు ఉన్నట్టయింది. ఎరుపు వేస్తే నెమ్మదిస్తాయి. తెలుపు వేస్తే ఎక్కడ చీకటి ఉంటే అక్కడికి పరిగెత్తుతాయి. చీకటిని ఎక్కడ పెట్టాలో మేం నిర్ణయిస్తాం.

మాక్రో షాట్లకి, అంటే పురుగుని అతి దగ్గర నుంచి తీసే షాట్లకి, ఆరు రాత్రులు పట్టాయి. అంత దగ్గరలో లెన్సుకి స్పష్టంగా కనపడే లోతు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. కన్ను స్పష్టంగా ఉంటే మీసం మసక, మీసం దొరికితే కన్ను పోతుంది. ఫ్రేము వెడల్పు మూడు సెంటీమీటర్లు. ఇళ్ళల్లో తిరిగే పెద్ద ఎర్ర బొద్దింక పూర్తి వేగంలో సెకనుకి ఒకటిన్నర మీటర్లు పరిగెత్తుతుంది, అంటే ఆ మూడు సెంటీమీటర్లు దాటడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. సినిమాలో ఒక ఫ్రేము కూడా నిండదు. అందుకని దాని వెంటపడడం మానేసి, అది వచ్చే చోట ఫోకస్ పెట్టుకుని కూర్చున్నాం. రెండు చెక్కల మధ్య వేలెడు సందు, దాని చివర లెన్సు. ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఒక రాత్రి రెండు గంటలు కూర్చుంటే నాలుగు సెకన్ల షాట్ దొరికింది. ముందు రెండు మీసాలు వచ్చాయి, మసకగా, గాలిని తడుముతూ. తర్వాత తల స్పష్టంలోకి వచ్చి ఆగింది. అచ్చం మన వైపే చూస్తున్నట్టు. ఆ నాలుగు సెకన్లు సినిమాలో మూడుసార్లు వాడాను.

34 బొద్దింకలు గది నిండా ఉన్నట్టు ఎలా కనిపించాలి? ఈ ప్రశ్నకి పాతవాళ్ళు చెప్పిన జవాబులు ఎన్నో. 'డేస్ ఆఫ్ హెవెన్' భయం సినిమా కాదు గానీ అందులో మిడతల దండు పైకి లేచే దృశ్యం కోసం హెలికాప్టర్ల నుంచి వేరుశనగ పొట్టు జారవిడిచి, నటుల్ని వెనక్కి నడిపించి, ఫిల్ముని తిరగేసి చూపించారు. అది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. మేం చేసింది అంత గొప్పది కాదు. కెమెరాని స్టాండుకి బిగించేసి, ఫోకస్, ఎక్స్‌పోజర్ అన్నీ చేత్తో లాక్ చేసి, తెల్ల దుప్పటి పరిచిన మంచాన్ని తొమ్మిదిసార్లు తీశాం. ప్రతిసారీ అవే 34 వదిలాం, వేరే వేరే చోట్ల నుంచి. ఎడిటింగ్‌లో తొమ్మిదీ ఒకదాని మీద ఒకటి పెట్టి, డార్కెన్ అనే పద్ధతిలో కలిపితే, ప్రతి చుక్క దగ్గరా తొమ్మిదిట్లో ఏది ముదురుగా ఉంటే అది మిగులుతుంది. తెల్ల దుప్పటి మీద నల్లటి పురుగులు, కాబట్టి పురుగులన్నీ మిగిలాయి. మూడు వందలు దాటాయి. ఒకసారి మధ్యలో ఎవరో స్టాండుకి కాలు తగిలించారు, ఆ రాత్రి మొత్తం మళ్ళీ మొదటి నుంచి తీయాల్సి వచ్చింది.

ఒక్క షాట్ మాత్రం ఇలా కుదరదు. దుప్పటి కిందికి అవి దూరే షాట్. దిండ్లు పెట్టి తీశాం, దిండు ఊపిరి పీల్చదు, చూడగానే తెలిసిపోతోంది. నటి రాలేదు, రాకూడదు కూడా. దుప్పటి కింద నేను పడుకున్నాను.

ఒళ్ళంతా కప్పే బట్టలు, చేతి తొడుగులు, మాస్కు, చెవుల్లో దూది. మేజోళ్ళలోకి పంట్లాం దోపుకున్నాను. పక్కకి తిరిగి పడుకున్నాక తమ్ముడు దుప్పటి కప్పి, నడుము దగ్గర మాత్రం చిన్న సందు వదిలాడు. సీసా మంచం చివర పెట్టి, "అక్కా, వెయ్యనా?" అన్నాడు. తెల్ల లైట్లు వేశాడు. నాలుగు పెద్ద దీపాలు.

దుప్పటి లోపల నాకు ఏమీ కనపడలేదు. నేసిన దారాల మధ్య నుంచి వెలుగు చుక్కలు చుక్కలుగా మాత్రం తెలుస్తోంది. ఐదు సెకన్లు ఏమీ లేదు. తర్వాత మోకాలి పక్కన బట్ట మీద ఏదో తేలిగ్గా గీరింది, ఆగింది. మళ్ళీ గీరింది. ఇంకోటి. తర్వాత లెక్క తెలియలేదు. నడుము దగ్గర సందులోంచి అన్నీ ఒకేసారి రావు, ఒకటి వచ్చి ఆగుతుంది, దాని వెనక ఇంకోటి దాన్ని తోసుకుంటూ వస్తుంది. నా పొట్టకీ పరుపుకీ మధ్య ఉన్న ఇరుకులోకి చేరాక అవి కదలడం మానేశాయి. అన్నిటికన్నా భయం వేసింది అప్పుడే. వాటికి అక్కడ హాయిగా ఉంది. నా ఒంటి వేడిలో, చీకట్లో, ఒకదానికొకటి ఒరుసుకుని, ఇల్లు చేరినట్టు సర్దుకున్నాయి. నేను కదిలితే షాట్ పోతుంది. ఊపిరి పీల్చితే దుప్పటి లేచి పడుతోంది, ఆ లేచి పడడమే మాకు కావాలి. తమ్ముడు "కట్" అనేదాకా నలభై సెకన్లు. అన్నాక కూడా నాకు వెంటనే లేవబుద్ధి కాలేదు, లేస్తే వాటిని నలిపేస్తానేమో అనిపించింది. తమ్ముడు ఎరుపు లైటు వేసి, దుప్పటి మెల్లగా తీసి, ఒక్కోదాన్ని సీసాలోకి తోలాడు. అన్నీ బతికే ఉన్నాయి. మర్నాటి రాత్రి వాటిని ఇళ్ళకి దూరంగా వదిలేసి వచ్చాం.

శబ్దం మొత్తం తర్వాత చేర్చాం. బొద్దింక నడిస్తే మైకుకి దాదాపు ఏమీ వినపడదు. దువ్వెన పళ్ళ మీద గోటి అంచు, ఎండుటాకుల్ని అరచేతిలో నలపడం, పల్చటి కాగితం మీద ఇసుక జారడం. ఈ మూడే. ఎక్కువ కలిపినకొద్దీ చెడిపోయింది.

మొదటి ఎడిట్‌ని నలుగురికి చూపించాను. బాగా తీశారన్నారు. అంటే భయపడలేదన్నమాట. ఆ రాత్రి 1954 నాటి 'దెమ్!' మళ్ళీ పెట్టుకున్నాను. అణు పరీక్షల తర్వాత న్యూ మెక్సికో ఎడారిలో పుట్టిన రాక్షసి చీమల కథ. అందులో దాదాపు అరగంట దాకా చీమ కనపడదు. ధ్వంసమైన ఇల్లు, మాట పడిపోయిన చిన్నపిల్ల, గాలిలో కలిసి వచ్చే ఒక కీచు శబ్దం. చీమల ఒంట్లో ఉండే ఫార్మిక్ ఆమ్లాన్ని ఆ పిల్ల ముక్కు దగ్గర పెట్టినప్పుడు ఆమె కేక వేస్తుంది. అప్పటికి మనం చీమ కాలు కూడా చూసి ఉండం. నేనేమో నాలుగు నెలలు కష్టపడి తీసిన షాట్లన్న మమకారంతో మొదటి నిమిషంలోనే బొద్దింకని చూపించేశాను.

మళ్ళీ కూర్చున్నాను. మొదటి నాలుగు నిమిషాల్లో ఒక్క పురుగు కూడా లేకుండా తీసేశాను. ఆరు రాత్రుల మాక్రో షాట్లలో సగానికి పైగా పోయాయి, తీస్తుంటే బాధ వేసింది. మిగిలింది ఆమె ముఖం, దువ్వెన పళ్ళ శబ్దం, ఒక్కొక్కటిగా వెలిగే దీపాలు. ఆమె, పురుగులు ఒకే ఫ్రేములో లేకపోవడం ఇప్పుడు పనికొచ్చింది. ఆమె చూసే చోట మనకి ఖాళీ గోడ కనిపిస్తుంది, ఆమె చూడని చోట మీసాలు. దుప్పటి షాట్‌ని ఎక్కడా కత్తిరించకుండా నలభై సెకన్లూ అలాగే ఉంచాను, శబ్దం కూడా లేకుండా.

రెండోసారి ఆరుగురు వచ్చారు. వాళ్ళలో మా నటి కూడా ఉంది. పురుగుల షాట్లు ఆమె చూడడం అదే మొదటిసారి. గది తలుపులు మూసి, లైట్లు ఆర్పి సినిమా వేశాం. దుప్పటి లేచి పడుతుంటే ఎవరూ కదల్లేదు. చివరి షాట్‌లో తెర పూర్తిగా తెల్లగా అయిపోతుంది, తర్వాత నలుపు. సినిమా అయిపోయింది. గది చీకటిగా ఉంది. నేను లేచి తడుముకుంటూ గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్ మీద చెయ్యి పెట్టాను.

"వెయ్యకు," అంది నా స్నేహితురాలు చీకట్లోంచి. "కాసేపు ఇలాగే ఉండనీ."